ఆటలో అరటిపండు



పెద్దపిల్లలు దాగుడుమూతలు ఆడుకుంటుంటారు. నాలుగేళ్ళ తమ్ముడు ఏడుస్తూ వస్తాడు. తననూ ఆడించుకోమంటాడు. వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది. "ఒరేయ్, వాణ్ణి కూడా కలుపుకోండిరా!" చేసేది లేక కలుపుకుంటారు. వాడు దొరికినా దొంగ కాడు. అవుటైనా అవుటు కాడు. అందరితోపాటు పరుగెడుతూ ఉంటాడు, అంతే. వాణ్ణి ఎవరూ లెక్కపెట్టరు. అలాంటివాడికి మనం పెట్టుకున్న పేరు ఏమిటో మీకు తెలుసు. ఆటలో అరటిపండు.

ఇవాళ ఫుట్‌బాల్ గురించి చెప్తాను. పెద్దవాళ్ళ ఫుట్‌బాల్ సంగతి నాకొద్దు. వేసవి సెలవుల్లో మనం ఊళ్ళోనో, కాలనీలోనో, బడి మైదానంలోనో పిల్లలకి చిన్న టోర్నమెంటు పెడతాం చూడండి. ఎనిమిదేళ్ళ వాళ్ళకి, పదేళ్ళ వాళ్ళకి, పన్నెండేళ్ళ వాళ్ళకి. ఆ టోర్నమెంటుకి నియమాలు ఎలా రాసుకోవాలి? అదీ ఇవాళ్టి సంగతి. నేను చెప్పే నియమాలు చాలానే ఉంటాయి. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఈ నియమం వల్ల ప్రతి పిల్లకీ బంతి అందుతుందా? లేక ఎవరైనా ఆటలో అరటిపండు అవుతారా? ఈ మాట మళ్ళీ మళ్ళీ అంటాను. విసుక్కోకండి.

నేను చాలా ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశాను. మొదటిసారి చిన్నపిల్లలకి టోర్నమెంటు పెట్టినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. ఫుట్‌బాల్ అంటే జట్టుకి 11 మంది. మైదానం అంటే మైదానమే. పదేళ్ళ లోపు పిల్లల్ని తీసుకొచ్చి హైస్కూలు మైదానంలో నిలబెట్టాను. హైస్కూలు గోల్‌పోస్టులే. హైస్కూలు బంతే. ఈల ఊదాను.

అవతలి గోల్ దగ్గర్లో ఒక ఆడపిల్ల ఉంది. ఎనిమిదేళ్ళుంటాయి. వెనక కాపలా కాయమని చెప్పాం. కాపలా కాస్తోంది. బంతి ఎక్కడో దూరంగా ఉంది. దాని చుట్టూ దుమ్ము లేపుకుంటూ పదిహేనుమంది పిల్లలు, బెల్లంముక్క చుట్టూ ఈగల్లా. ఈ పిల్ల మాత్రం కాలి బొటనవేలితో నేలమీద ముగ్గేసుకుంటోంది. నాలుగు చుక్కలు, చుట్టూ ఒక మెలిక.

నాకెందుకో ఆ పిల్లకి బంతి ఎన్నిసార్లు తగులుతుందో చూడాలనిపించింది. మర్నాడు మ్యాచ్‌కి ఎడమ జేబులో 20 చింతగింజలు వేసుకెళ్ళాను. ఆ పిల్లకి బంతి తగిలినప్పుడల్లా ఒక గింజ తీసి కుడి జేబులో వేసుకోవాలని. ఆట 40 నిమిషాలు. అయిపోయాక కుడి జేబులో చెయ్యి పెడితే మూడు గింజలు. ఆ మూడింట్లోనూ ఒకసారి బంతే వచ్చి ఆ పిల్ల వీపుకి తగిలింది.

లెక్క తేలిక. 22 మంది పిల్లలు, ఒక్క బంతి. ఎవరికి ఎంత వాటా వస్తుంది? ఇంట్లో 22 మంది ఉండి ఒక్క మామిడిపండు కోస్తే ఏమవుతుంది? గట్టిగా ఉన్న ఇద్దరు ముగ్గురు టెంక దాకా చీకుతారు. మిగతావాళ్ళు చేతులు వాసన చూసుకుంటారు. పండు పెద్దది చెయ్యలేం. పంక్తులు విడగొట్టగలం. చిన్న జట్ల ఆట అంటే ఇంతే.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు జట్టుకి అయిదుగురితో ఆడతారు. పదేళ్ళ లోపు ఏడుగురితో. పన్నెండేళ్ళ లోపు తొమ్మిదిమందితో. ఆ తర్వాతే పదకొండు. అమెరికాలో ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి నలుగురే, గోల్‌కీపర్ కూడా ఉండడు. జర్మనీ వాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. 2024 నుంచి అక్కడ అందరికన్నా చిన్నపిల్లలకి ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు ఆట. మైదానంలో నాలుగు బుల్లి గోల్స్ పెడతారు. మగవాళ్ళదో, ఆడవాళ్ళదో ప్రపంచ కప్పు గెలిచిన దేశాలు ఇవి. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆటను చిన్నది చేస్తున్నాయి. మనమేమో పిల్లాడికి చొక్కా కొన్నట్టు ఆట కొంటాం. పెరిగే పిల్లాడు కదా, వచ్చే ఏడు కూడా సరిపోవాలి, రెండు సైజులు పెద్దది ఇవ్వండి అంటాం. చొక్కా అయితే చేతులు మడిచి తొడగచ్చు. మైదానాన్ని ఎలా మడుస్తాం?

మడవచ్చు. ఎలాగో చెప్తాను.

పెద్ద ఫుట్‌బాల్ మైదానం సుమారు 115 గజాల పొడవు, 74 గజాల వెడల్పు. అయిదుగురి ఆటకి ఎంత కావాలి? 40 గజాల పొడవు, 30 గజాల వెడల్పు. మళ్ళీ చెప్తాను. పొడవు 40 గజాలు, వెడల్పు 30. టేపు లేదా? మంచి పొడుగరిని పిలిచి బారుగా అడుగులు వేయించండి. ఒక బారు అడుగు దాదాపు ఒక గజం. ఒక పెద్ద మైదానంలో ఇలాంటివి నాలుగు వస్తాయి. మధ్యలో తల్లిదండ్రులు నిలబడడానికి జాగా కూడా మిగులుతుంది. ఇందాక 22 మంది ఒక బంతితో ఆడిన చోటే ఇప్పుడు 40 మంది నాలుగు బంతులతో ఆడతారు. గీతలకి ముగ్గుపిండి చాలు. సున్నం మాత్రం వద్దు. పిల్లలు పడతారు, ఆ చేతుల్తోనే కళ్ళు నులుముకుంటారు. సున్నం కంట్లో పడితే కన్నుకే ముప్పు.

గోల్ సంగతి. పెద్దవాళ్ళ గోల్ 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఎనిమిదేళ్ళ పిల్లాడు చెయ్యెత్తి ఎగిరినా ఆ అడ్డకర్ర అందదు. బంతి నెత్తిమీంచి పోతుంటే పాపం వాడు చూస్తూ ఉంటాడు. వాడూ అరటిపండే. కాకపోతే అందరూ తిట్టే అరటిపండు. చిన్నపిల్లల గోల్ 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉండాలి. వెడల్పు సరిగ్గా సగం. రెండు వెదురుగడలు పాతి పైన తాడు కట్టినా సరిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట చాలా గట్టిగా చెప్పాలి. ఇనప గొట్టాలతో చేసిన గోల్‌పోస్టులు, ఒకచోట నుంచి ఇంకోచోటికి జరిపేవి ఉంటాయి. వాటిని నేలకి బిగించకుండా ఆట మొదలుపెట్టకండి. పిల్లలు వాటిని పట్టుకుని ఉయ్యాల ఊగుతారు. ఊగకుండా ఉండరు. అవి ముందుకి తూలి మీదపడి పిల్లలు చనిపోయిన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. ఫుట్‌బాల్ నియమావళిలో మొట్టమొదటి నియమమే చెప్తుంది, గోల్‌ని నేలకి గట్టిగా బిగించాలని. వెనక గొట్టం మీద నాలుగు ఇసుక బస్తాలు వెయ్యండి. మేకులు కొట్టండి. మీ టోర్నమెంటులో ఇంకే నియమం రాసినా రాయకపోయినా ఇది రాయండి. ఇసుక బస్తాలు పడ్డాకే ఈల.

బంతి దగ్గరికొద్దాం. పెద్దవాళ్ళ బంతి అయిదో నంబరు. బరువు 410 నుంచి 450 గ్రాములు. అరకిలో కందిపప్పు పొట్లానికి కాస్త తక్కువ. ఆ పొట్లాన్ని ఏడేళ్ళ పిల్లని కాలితో తన్నమనండి, చూద్దాం. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి మూడో నంబరు బంతి. అక్కణ్ణించి పన్నెండేళ్ళ దాకా నాలుగో నంబరు. కొట్లో అడిగితే ఇస్తారు.

ఇక్కడికి రాగానే ఎవరో ఒకాయన లేస్తారు. ప్రతి ఊళ్ళోనూ ఉంటారు ఆయన. "మాస్టారూ, ఇదంతా ఫిఫా రూల్స్‌లో లేదండీ" అంటారు. ఆయనకి ఏం చెప్పాలో చెప్తాను. ఫుట్‌బాల్ నియమాలు రాసే సంఘం ఒకటుంది. 1886లో మొదలైంది. బ్రిటన్‌లోని నాలుగు ఫుట్‌బాల్ సంఘాలూ, ఫిఫా కలిసి ఇప్పుడు దాన్ని నడుపుతాయి. వాళ్ళ నియమావళిలోనే స్పష్టంగా ఉంది. పిల్లల ఆటకి మైదానం సైజు, బంతి సైజు, గోల్ సైజు, ఆట సమయం, ఆటగాళ్ళు మారే పద్ధతి మార్చుకునే వీలు ఆయా దేశాల సంఘాలకి ఇచ్చారు. పెద్ద పుస్తకమే చిన్నపిల్లలకి చోటిచ్చింది. అయినా అంత దూరం ఎందుకు? వీధి క్రికెట్‌లో రామారావుగారి గోడ దాటితే అవుటని ఏ పుస్తకంలో ఉంది?

పిల్లల కోసం నియమాలు మార్చుకోవచ్చని హైదరాబాదువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు వినని ఫుట్‌బాల్ అభిమాని ఉండరు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో, రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం మన దేశానికి తెచ్చిన శిక్షకుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతుల్లోనే. ఆయన మొదట బడిపంతులు. ఆ పంతులు బుద్ధి పోలేదు. కుర్రాళ్ళకి ఆయన నియమాలు మార్చేసి పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఆలోచించండి. ఒక్కడే బంతి పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే మిగతావాళ్ళు అరటిపండ్లు. ఆ ఒక్క నియమంతో అందరూ ఆటలోకి వచ్చేశారు. అరవడం లేదు, బతిమాలడం లేదు. నియమమే పాఠం చెప్పింది.

సరే, ఈల ఊదాం. ఆట ఎంతసేపు? 10 నిమిషాలు, విరామం, మళ్ళీ 10 నిమిషాలు. జట్టులో మైదానంలో అయిదుగురు, బయట ముగ్గురు. బయటున్నవాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి రావచ్చు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావచ్చు. పెద్ద ఆటలో బయటికెళ్తే మామూలుగా ఇక అంతే. ఇక్కడ అలా వద్దు. ఇంకో నియమం కూడా రాయండి. ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం సమయం ఆడాలి. ఇది రాయకపోతే ఏమవుతుందో నేను చూశాను. కోచ్ గెలవాలనుకుంటాడు. గట్టివాళ్ళు అయిదుగుర్నీ ఉంచేస్తాడు. ఎనిమిదో పిల్లాడు కొత్త జెర్సీ వేసుకుని, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూడు మ్యాచ్‌లు కూర్చుంటాడు. ఫోటోలో మాత్రం ఉంటాడు.

ఆఫ్‌సైడ్ సంగతేమిటి అని అడుగుతారు. అయిదుగురి ఆటలో ఆఫ్‌సైడ్ లేదు. అంతే, ముందుకెళ్దాం.

తలతో కొట్టడం వద్దు. అమెరికాలో 2016 నుంచి పదేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకి అది నిషేధం. ఇంగ్లండ్‌లోనూ చిన్నపిల్లల ఆట నుంచి దశలవారీగా తీసేస్తూ వచ్చారు. ఎదిగే తల, ఎదిగే మెదడు. కావాలని తలతో కొడితే అవతలి జట్టుకి ఫ్రీకిక్ ఇచ్చెయ్యండి. పొరపాటున తగిలితే ఆట ఆపకండి. పిల్ల బాగానే ఉందో లేదో మాత్రం చూడండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన నియమం. బంతి గోల్ గీత దాటి బయటికి పోయింది. గోల్‌కీపర్ మళ్ళీ ఆట మొదలుపెట్టాలి. ఎనిమిదేళ్ళ పిల్లాడి కాలికి ఎంత బలం ఉంటుంది? ఎనిమిది, పది గజాలు పోతుంది బంతి. అక్కడే అవతలి జట్టువాళ్ళు కాచుకుని ఉంటారు, చెరువుగట్టు మీద కొంగల్లా. అందుకుంటారు, కొడతారు, గోల్. మళ్ళీ ఇంకోసారి అందుకుంటారు, కొడతారు. ఒక మ్యాచ్‌లో వరసగా నాలుగు గోల్స్ అలా పడ్డాయి. గోల్‌కీపర్ ఏడుస్తున్నాడు. గట్టున ఉన్న వాళ్ళ నాన్న "గట్టిగా తన్నరా!" అని అరుస్తున్నాడు. వాడు తంతూనే ఉన్నాడు. వాడి కాలు అంతే.

దీనికి మందు మీకు ఆర్టీసీ బస్సులో దొరుకుతుంది. బస్టాండులో బస్సు ఆగుతుంది. ఎక్కేవాళ్ళు తలుపు దగ్గర తోసుకుంటారు. కండక్టరు ఏమంటాడు? "దిగేవాళ్ళని దిగనివ్వండమ్మా, తర్వాత మీరు ఎక్కుదురుగాని!" ఇదే నియమం. గోల్‌కీపర్ ఆట మొదలుపెట్టేటప్పుడు అవతలి జట్టంతా మధ్యగీత అవతలికి వెళ్ళిపోవాలి. కీపర్ బంతిని తన జట్టువాడికి ఇస్తాడు. ఆ పిల్లాడు బంతిని కాలితో ముట్టుకున్నాక అప్పుడు రండి. దిగేవాళ్ళని దిగనివ్వండి. ఇంగ్లండ్‌లో, అమెరికాలో చిన్నపిల్లల ఆటలో దీనికోసం ఒక గీతే ఉంది. నేను ఈ నియమం పెట్టిన రోజు తేడా చూశాను. బంతి గాల్లో ఎగరడం తగ్గింది. నేలమీద ఒకరి నుంచి ఒకరికి పోయింది. వెనక నిలబడి ముగ్గులేసుకునే పిల్లకి మొదటిసారి బంతితో పని పడింది.

దీనికి తోడు, కీపర్ బంతి చేత్తో పట్టుకుని ఆకాశంలోకి తన్నకూడదు. దొర్లించాలి, లేదా విసరాలి. పక్కగీత దాటి బంతి బయటికి పోతే, చేత్తో విసరడానికి బదులు గీత మీద పెట్టి కాలితో తన్నమనండి. చిన్నపిల్లలకి సరైన త్రో రాదు. రిఫరీ ఊరికే ఈల ఊదుతూ కూర్చుంటాడు.

కాళ్ళ సంగతి చూద్దాం. మన దగ్గర పిల్లలు రకరకాలుగా వస్తారు. ఒకడు మేకుల బూట్లతో వస్తాడు. ఒకడు కాన్వాసు బూట్లతో వస్తాడు. ఒకడు వట్టికాళ్ళతో వస్తాడు. నియమావళి ప్రకారం బూట్లు తప్పనిసరి. మా ఊళ్ళో అది పెడితే సగం మంది ఇంటికెళ్ళాలి. నేను చేసుకున్న సర్దుబాటు ఇది. మేకుల బూట్లు ఎవరికీ వద్దు. అందరూ కాన్వాసువే. లేనివాళ్ళకి, ఆడి దిగినవాళ్ళు విప్పి ఇవ్వాలి. ముణుకు కింద షిన్‌గార్డులు అందరికీ ఉండాలి. లేనివాళ్ళకోసం నిర్వాహకులు పది జతలు కొనండి. కప్పు ఒక అడుగు ఎత్తు తగ్గితే ఆ డబ్బు వస్తుంది. మూడడుగుల కప్పు ఇచ్చే పిల్లల టోర్నమెంట్లంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. దాన్ని ఎత్తడానికి పెద్దవాడొకడు కావాలి, ఫోటోలో పిల్లలు కనపడరు.

నగల దగ్గర గొడవ వస్తుంది. చెవిపోగులు, కడియం, గాజులు, పట్టీలు, మెళ్ళో తాయెత్తు. అన్నీ తీసెయ్యాలి. పక్కవాడి కన్నుకి తగలచ్చు, తమ చెవే తెగచ్చు. "ఇది తీయకూడదు మాస్టారూ, మొక్కు ఉంది" అంటుంది తల్లి. "పోనీ ప్లాస్టరు అంటించి ఆడిస్తాం" అంటాడు తండ్రి. నేను ప్లాస్టరుకి కూడా ఒప్పుకోను. కాబట్టి ఈ మాట మ్యాచ్ రోజు గీత దగ్గర చెప్పకండి. పేర్లు రాసుకునే రోజే చెప్పండి. మొక్కున్న తల్లికి గుళ్ళో పంతులుగారిని అడగడానికి వారం టైముంటుంది. లాగు లోపల మొలతాడు జోలికి మాత్రం నేనెప్పుడూ పోలేదు. రిఫరీకి అది కనపడదు.

వయసు గురించి చెప్పకపోతే ఎలా? ఒకసారి పన్నెండేళ్ళ లోపు పోటీకి ఒక కుర్రాడు వచ్చాడు. వంగి లేసు కట్టుకుంటూ "టైమెంతైంది సార్" అన్నాడు. ఆ గొంతు విని నేను వాళ్ళ నాన్న అనుకున్నాను. తలెత్తితే నూనూగు మీసం. అప్పుడు పట్టుకుని ఏం లాభం? జట్లు వచ్చేశాయి, జనం వచ్చేశారు. పొమ్మంటే గొడవ, ఆడనిస్తే పిల్లలకి దెబ్బలు. కొన్ని పెద్ద పోటీల్లో మణికట్టుకి ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల బట్టి వయసు అంచనా వేస్తారు. మనకి అంత అక్కర్లేదు. ఒక తేదీ పెట్టుకోండి. ఫలానా ఏడాది జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు అని రాయండి. జనన ధ్రువపత్రం వారం ముందే చూడండి. మా తరంలో అయితే ఇదీ కుదిరేది కాదు. మాలో చాలామందిమి జూన్ నెలలోనే పుట్టాం. బళ్ళో వేసుకున్న హెడ్మాస్టారు రాసిన తేదీ అది.

ఇక జట్లు ఎలా ఆడాలి? మనకి తెలిసిన పద్ధతి, ఓడితే ఇంటికి. ఎనిమిది జట్లొస్తే మొదటి గంటలోనే నాలుగు ఇంటికెళ్తాయి. ఇరవై మైళ్ళ నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన పిల్లలు 20 నిమిషాలు ఆడి వెళ్ళిపోతారు. జట్టు జట్టే అరటిపండు. అలా వద్దు. ఎనిమిది జట్లని రెండు గుంపులు చెయ్యండి. గుంపుకి నాలుగు. ప్రతి జట్టూ తన గుంపులో మిగతా మూడింటితోనూ ఆడాలి. ఇందాక నాలుగు చిన్న మైదానాలు గీసుకున్నాం కదా. ఎనిమిది జట్లూ ఒకేసారి ఆడతాయి. మ్యాచ్‌కి విరామంతో కలిపి అరగంట. మూడు విడతలు, గంటన్నర. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెడితే ఎనిమిదికి అయిపోతుంది. మే నెల ఎండ ముదరకముందే పిల్లలు నీడలో ఉంటారు. ప్రతి జట్టుకీ మూడు మ్యాచ్‌లు, గంట ఆట. సాయంత్రం చల్లబడ్డాక సెమీఫైనల్స్, ఫైనల్. ఓడిన జట్లకి కూడా సాయంత్రం ఒక మ్యాచ్ పెట్టండి. విరామంలో ఒక బిందెడు మజ్జిగ, గ్లాసులు సరిపడా. రిఫరీలుగా ఇంటర్ చదివే కుర్రాళ్ళని పెట్టుకోండి. బాగా చేస్తారు, వాళ్ళకీ గౌరవంగా ఉంటుంది.

గెలిస్తే 3 పాయింట్లు. సమానమైతే చెరొకటి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక ఏడాది రెండు జట్లకి పాయింట్లు సమానంగా వచ్చాయి. ఏం చెయ్యాలో ముందు రాసుకోలేదు. తప్పు నాదే. కమిటీ వేపచెట్టు కింద కూర్చుంది. కమిటీలో ఒకాయనకి ఒక జట్టు కెప్టెన్ మేనల్లుడు. ఇంకొకాయనకి ఇంకో జట్టు వాళ్ళ వీధే. గంటసేపు మాట్లాడుకున్నారు. చివరికి బొమ్మా బొరుసూ వేశారు. ఓడిన వీధివాళ్ళు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. పాలవాడు కూడా ఆ వీధివాడే.

కాబట్టి ముందే రాయండి. పాయింట్లు సమానమైతే, ఆ రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్ ఎవరు గెలిచారో చూడాలి. అదీ సమానమైతే గోల్స్ తేడా. అదీ సమానమైతే తక్కువ గోల్స్ తిన్న జట్టు. అప్పటికీ తేలకపోతే బొమ్మా బొరుసూ. ఫైనల్ సమానమైతే చెరో మూడు పెనాల్టీలు. ఒక్కో పిల్లా ఒక్కసారే కొట్టాలి. ఇదంతా ఒకే కాగితం మీద, పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసి గోడకి అంటించండి. పొద్దున్న ఆరింటికి అంటించిన కాగితాన్ని ఎవరూ అనుమానించరు. మధ్యాహ్నం పన్నెండింటికి అంటిస్తే అందరూ అనుమానిస్తారు.

గోల్స్ తేడాకి ఒక హద్దు పెట్టండి. ఒక మ్యాచ్‌లో 5 గోల్స్ తేడా దాకానే లెక్క. ఆ పైన ఎన్ని కొట్టినా లెక్కలోకి రావు. విస్తరి నిండాక వడ్డించేది నేలపాలే కదా. ఈ హద్దు లేకపోతే గట్టి జట్టు బక్క జట్టుకి పద్నాలుగు గోల్స్ కొడుతుంది. కోచ్ గట్టున నిలబడి ఇంకా కొట్టమంటాడు, తేడా పెరగాలని. దీనికి ఇంకో ఉపాయం ఉంది. ఒక జట్టు 4 గోల్స్ వెనకబడితే వాళ్ళు ఒక ఆటగాణ్ణి ఎక్కువ దించుకోవచ్చు. అయిదుగురి మీద ఆరుగురు. మన పిల్లలకి ఇది కొత్తేమీ కాదు. "మా వైపు అందరూ చిన్నోళ్ళేరా, ఒకణ్ణి ఎక్కువివ్వండి" అని వీధిలో ఎప్పుడూ బేరమాడేదే.

దురుసుగా ఆడితే ఏం చెయ్యాలి? కింద జారి కాళ్ళకి అడ్డంపడడం పూర్తిగా వద్దు. ఎర్రకార్డులు చిన్నపిల్లలకి వద్దు. రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టండి. మంచినీళ్ళు ఇవ్వండి. కోపం దిగుతుంది. మళ్ళీ పంపండి.

మిగిలింది పెద్దవాళ్ళు. వాళ్ళకీ ఒక గీత గియ్యాలి. పక్కగీతకి రెండు గజాల వెనక. గోల్ వెనక ఎవరూ నిలబడకూడదు. చప్పట్లు కొట్టచ్చు. ఎటు తన్నాలో చెప్పకూడదు. ఇంగ్లండ్‌లో కొన్ని వారాంతాల్లో తల్లిదండ్రులు అసలు నోరెత్తకుండా పిల్లల ఆట చూసే ఏర్పాటు చేస్తుంటారు. నేను మా ఊళ్ళో ఒక్క మ్యాచ్‌కి ప్రయత్నించాను. అందరికీ తలా ఒక నువ్వుండ ఇచ్చాను, నోట్లో పెట్టుకోమని. రెండు నిమిషాలు పనిచేసింది.

ఇందాకటి పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి వేసవి. అయిదుగురి ఆట, చిన్న మైదానం, నాలుగో నంబరు బంతి. ఆ పిల్లే, కాస్త పొడుగైంది. నేను మళ్ళీ ఎడమ జేబులో 20 చింతగింజలు వేసుకెళ్ళాను. మొదటి పది నిమిషాలు అవ్వకముందే ఎడమ జేబు ఖాళీ అయిపోయింది. పక్కన వేరుశనక్కాయల బండి ఉంటే ఒక పొట్లం కొని, వాటితో లెక్కపెట్టడం మొదలెట్టాను. మధ్యలో ఒక మంచి గోల్ పడింది. ఆ సంబరంలో లెక్కకి పెట్టిన కాయలు కొన్ని వలుచుకుని తినేశాను. అందుకని ఆ రోజు ఆ పిల్లకి బంతి ఎన్నిసార్లు తగిలిందో మీకు కచ్చితంగా చెప్పలేను.